ఉల్లి వేరు కొనలో విభజన కనబడని కణాలు ఏం చేస్తున్నట్లు?

ప్రశ్న – ఇంటర్ బైపీసీ విద్యార్థిని

నమస్కారం. గత వారం మా కళాశాల ప్రయోగశాలలో ఉల్లి వేరు కొనకు ఎసిటోకార్మిన్ రంగు పట్టించి స్లైడు తయారు చేశాను. ఓపికగా వంద కణాలు లెక్కపెడితే తొమ్మిదింటిలో మాత్రమే క్రోమోజోములు విడిగా కనిపించాయి. మిగిలిన వాటిలో గుండ్రని కేంద్రకం తప్ప మరేమీ లేదు. అవి విశ్రాంతి దశలో ఉన్నాయని ఒక గైడులో చదివాను గాని, రోజురోజుకూ పొడవు పెరిగే వేరులో ఇన్ని కణాలు ఊరికే ఉంటాయంటే నమ్మబుద్ధి కావడం లేదు. విభజన చెందవలసిన సమయం వచ్చిందని కణానికి ఎలా తెలుస్తుందో కూడా దయచేసి వివరించగలరు.

జవాబు – జీవశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, నీ అనుమానం సరైనదే. విశ్రాంతి దశ అన్నది సూక్ష్మదర్శినిలో మార్పేమీ కనబడని రోజుల్లో పెట్టిన పేరు. స్లైడు చేసేటప్పుడు కణాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి కనుక, ఏ దశకు ఎక్కువ కాలం పడుతుందో ఆ దశలోని కణాలే ఎక్కువగా కంటబడతాయి. ప్రయోగశాలలో పెంచే మానవ కణానికి ఒక చక్రం (ఒక విభజన నుంచి మరో విభజన వరకు) పూర్తి కావడానికి సుమారు 24 గంటలు పడితే, అందులో విభజనకు పట్టేది దాదాపు ఒక గంటే, తక్కినదంతా అంతర్దశ. దానిలో జీ1, ఎస్, జీ2 అని మూడు భాగాలు. జీ1లో కణం ప్రొటీన్లు, కణాంగాలు తయారు చేసుకుంటూ పెరుగుతుంది, ఎస్ దశలో డీఎన్ఏ మొత్తానికి నకలు తీస్తుంది, జీ2లో విభజనకు సిద్ధమవుతుంది. ఉల్లికి 16 క్రోమోజోములు. ఎస్ దశ ముగిశాక ఒక్కొక్కదానిలో రెండేసి క్రొమాటిడ్‌లు (అతుక్కుని ఉన్న జంట నకళ్ళు) ఉన్నా సంఖ్య 16గానే ఉంటుంది. విభజనలోని చలన దశలో ఆ క్రొమాటిడ్‌లు విడిపోయినప్పుడే 32 అవుతుంది. పరీక్షలలో చాలామంది తడబడేది ఇక్కడే.

నీ స్లైడును మరొకసారి చూడు. చివరి రెండు మిల్లీమీటర్లలోని కణాలు చిన్నవిగా, చదరంగా, కణం నిండా కేంద్రకంతో ఉంటాయి. పైకి పోయేకొద్దీ అవి పొడవుగా సాగి, విభజన మానేస్తాయి. ఆ సాగిన కణాలను కూడా లెక్కలో చేరిస్తే నిష్పత్తి తగ్గిపోతుంది.

జవాబు – ఈస్టు కణాలపై పరిశోధన చేస్తున్నాను

రెండవ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. మేము పెంచే ఈస్టు కడ్డీలా ఉంటుంది. లావెక్కకుండా కొనల వద్ద మాత్రమే పెరిగి, సుమారు 14 మైక్రాన్ల పొడవుకు చేరగానే సరిగ్గా నడిమికి రెండవుతుంది. 1970లలో ఎడిన్‌బరోలో పాల్ నర్స్ ఇదే ఈస్టులో దాదాపు సగం పరిమాణంలోనే విభజన చెందే కణాలను గుర్తించి, స్కాట్లాండులో చిన్నది అనే అర్థంలో వాడే మాటతో వాటికి ‘వీ’ అని పేరు పెట్టారు. వాటిలో చెడిపోయిన జన్యువు మామూలుగా చేసే పని, కణం తగినంత పెరిగేవరకు విభజనను ఆపి ఉంచడం. అది ఆపేది విభజనను మొదలుపెట్టే సీడీసీ2 అనే ఎంజైమును. 1987లో నర్స్ బృందం, సీడీసీ2 లోపించిన ఈస్టులో అదే పని చేసే మానవ జన్యువును ప్రవేశపెడితే ఈస్టు మళ్ళీ మామూలుగా విభజన చెందుతుందని చూపింది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యం తీరని ఫలితం ఇది.

విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే, పెరగకుండా విభజన జరగడం అసాధ్యమా అండి?

జవాబు – ఈస్టు కణాలపై పరిశోధన చేస్తున్నాను

అసాధ్యం కాదు. సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ జీవి ఫలదీకరణ చెందిన గుడ్డు మొదట్లో ఏమాత్రం పెరగకుండానే రెండు, నాలుగు, ఎనిమిది కణాలవుతుంది. విభజన జరిగిన ప్రతిసారీ కణం చిన్నదవుతుంది. 1982లో టిమ్ హంట్ ఆ గుడ్లలోనే, క్రమంగా పోగుపడి ప్రతి విభజనలోనూ మాయమయ్యే సైక్లిన్ అనే ప్రొటీనును కనుగొన్నారు. సీడీసీ2 పని చేయాలంటే సైక్లిన్ తోడు ఉండాలి. లీలండ్ హార్ట్‌వెల్‌తో కలిసి నర్స్, హంట్‌లిద్దరికీ 2001లో నోబెల్ బహుమతి లభించింది.

జవాబు – ఫార్మసీ అధ్యాపకురాలు

మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరును కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. దాని నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందు, క్రోమోజోములను చెరోవైపుకు లాగే కండె తంతువులను ఏర్పడనివ్వదు కనుక, క్రోమోజోములు మధ్యస్థ దశలోనే నిలిచిపోతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అంతకంటే ముందే, ఎస్ దశలోనే అడ్డుపడుతుంది. అది ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుంటుంది, ఆ పని సాగకపోతే డీఎన్ఏ నకలుకు కావలసిన థైమిడిన్ అనే ముడిపదార్థం తయారు కాదు. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలలో ఆ మందు తాత్కాలికంగా వ్యాధిని తగ్గించినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

విద్యార్థిని

మీరు చెప్పినట్లు మళ్ళీ చూశాను, మాస్టారు గారు. నేను లెక్కించిన వందలో ముప్పై పైగా పొడవుగా సాగిన కణాలే ఉన్నాయి. ఈసారి చివరి రెండు మిల్లీమీటర్లే కోసి, కొత్తగా లెక్కపెడతాను.