ఫ్రంట్ వీల్ డ్రైవ్ రేస్ కారుకు ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్): హెలికల్ మంచిదా, ప్లేట్ టైప్ మంచిదా?

ప్రశ్న (హన్మకొండ):
1.3 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, స్లిక్ టైర్లు (గాడులు లేని నున్నటివి). చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ కోసం తయారు చేస్తున్నం. సెకండ్ గేర్ మలుపుల యాక్సిలరేటర్ తొక్కంగనే లోపలి టైరు గిర్రున తిరుగుతది, బండి ముందుకు గుంజదు. మట్టి ఆటోక్రాస్‌కు (మట్టి ట్రాక్ మీద టైము పందెం) కూడ ఇదే బండి. ఒక చక్రం ఊకె తిరగకుంట ఆపే ఎల్‌ఎస్‌డీ ఏ రకం తీసుకోవాలె: గేర్లతోని పనిచేసే హెలికలా, రాపిడి ప్లేట్లతోని లాక్ అయ్యే ప్లేట్ టైపా? ప్రీలోడ్ (టార్క్ లేనప్పుడు కూడ ఉండే ముందస్తు బిగువు) ఎంత పెట్టాలె?

జవాబు 1:
తమ్మీ, ముందుగాల లెక్క చూడు. ఓపెన్ డిఫరెన్షియల్‌ల (ఇంజిన్ టార్క్‌ను రెండు చక్రాలకు పంచే మామూలు గేర్ల సెట్టు) రెండు దిక్కులా టార్క్ సమానం. లోపలి టైరు జారకుంట 200 న్యూటన్ మీటర్లే తట్టుకుంటే బయటిదానికీ అంతే, మొత్తం 400. హెలికల్ బయాస్ రేషియో (పట్టున్న చక్రానికి ఇంకోదానికంటే ఎన్ని రెట్ల టార్క్ పోతదో ఆ లెక్క) 2.5 అనుకో: బయటిదానికి 500 దాక పోతది, మొత్తం 700. స్టీరింగ్ చేతులను అంతగ గుంజదు, అరిగే ప్లేట్లు ఉండవు. ట్రాక్‌కు అదే తీసుకో.

కాని లోపలి చక్రం గాలిల లేసిందంటే 2.5 పెట్టి సున్నను గుణించినా సున్ననే. అందుకే ముందు యాంటీ రోల్ బార్ (మలుపుల బండి పక్కకు వాలకుంట ఆపే కడ్డీ) మెత్తగ, వెనుకది గట్టిగ పెట్టు. మలుపుల లేసేది వెనుక చక్రం కావాలె, ముందుది కాదు. కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) మీద ముందుది లేసినా ఎడమ కాలుతోని బ్రేక్ కొద్దిగ ఒత్తితే ఆ చక్రానికి లోడు దొరుకుతది.

జవాబు 2:
ట్రాక్ వరకు అన్న చెప్పింది కరెక్ట్. మట్టి మీద మాత్రం గుంతల్ల చక్రం ఊకె లేస్తది, అక్కడ ప్లేట్ టైపే పని చేస్తది. ర్యాంప్ కోణం (ప్లేట్లను ఒత్తే లోపలి వాలు) ఎంత తక్కువైతే లాక్ అంత ఎక్కువ. యాక్సిలరేటర్ దిక్కు 45 డిగ్రీలు, ఇంజిన్ బ్రేకింగ్ దిక్కు 80తోని మొదలుపెట్టు. రెండు దిక్కులా 45 పెడితే యాక్సిలరేటర్ ఇడిసినంక కూడ ముక్కు లోపలికి తిరగదు.

ప్రీలోడ్ 50 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలుపెట్టు. కొలిచేటప్పుడు గేరు న్యూట్రల్, ఒక ముందు చక్రం నేల మీద, ఇంకోటి జాకీ మీద. హబ్ నట్‌కు టార్క్ రెంచ్ పెట్టి బిగుసుకునే దిక్కుకే తిప్పు. చక్రం కదిలే క్షణంల చూపించే అంకెనే ప్రీలోడ్. నడిచిన కొద్దీ అది దిగుతది, ప్రతి పోటీకి ముందు కొలువు. లాక్ ఎక్కువనిపిస్తే ప్లేట్ల వరుస మార్చి రాపిడి ముఖాలు తగ్గించుకోవచ్చు.

డిఫ్ (డిఫరెన్షియల్) గేర్లు కలిపి లాక్ అయ్యేటట్టు వెల్డింగ్ చేపించుకోవద్దు. ముందు చక్రాల బండిల స్టీరింగ్ మొద్దుబారుతది, సీవీ జాయింట్లు (డ్రైవ్ షాఫ్ట్ కీళ్లు) ఇరుగుతయి.

ప్రశ్న అడిగినవారు:
రెండింటికీ ఒక్కటే అంటే ప్లేట్ టైపే చూస్త. గేర్‌బాక్స్ ఆయిలే డిఫ్‌కు కూడ కదా, ఏది పోయాలె?

జవాబు 2:
అసలు చిక్కంత అక్కడనే. ప్లేట్లకు సరిపడే జీఎల్-5 (గేర్ ఆయిల్ గ్రేడు) ఆయిళ్లు కొన్ని ఇత్తడి సింక్రో రింగులను (గేరు సాఫీగ పడేటట్టు చేసే రింగులు) తింటయి. సింక్రోలకు, ప్లేట్ ఎల్‌ఎస్‌డీకి రెండింటికీ పనికొస్తదని డబ్బా మీద రాసి ఉన్న ట్రాన్సాక్సిల్ (గేర్‌బాక్స్, డిఫ్ ఒక్కటే పెట్టెల ఉండేది) ఆయిలే తీసుకో. ప్లేట్ల పొడి అదే ఆయిల్‌ల కలిసి గేర్ బేరింగులకు పోతది, కాబట్టి అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్ట్ పెట్టు. కొత్తది బిగించినంక ఖాళీ జాగల ఎనిమిది అంకె లెక్క 20 నిమిషాలు నెమ్మదిగ తిప్పి, వేడి మీదనే ఆయిల్ ఇడువు. బోల్ట్‌కు బూడిద రంగు పేస్ట్ అంటితే మామూలే, ముక్కలు కనబడితే ఇప్పి చూడాలె.

జవాబు 1:
కొనేకంటే ముందు డ్రైవ్ షాఫ్ట్ స్ప్లైన్ పండ్లు (డిఫ్‌ల కూర్చునే షాఫ్ట్ కొస మీది గాట్లు) లెక్కపెట్టుకో. కొత్త కేస్ పాతదాని కొలతల ఉండదు, బేరింగ్ షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రింగులు) మళ్ల కొలవాలె. పాతవే ఏస్తే బేరింగ్ వదులై క్రౌన్ వీల్ (డిఫ్‌ను తిప్పే పెద్ద గేరు) పక్కకు జరిగి పండ్లు రాలుతయి.