అప్‌డేట్: డయాబెటిక్ ఇన్‌సోల్ పేటెంట్, పోస్టర్ వల్ల ఇబ్బంది రాలేదు

షుగర్ పేషెంట్ల పాదాలకు పుండ్లు పడకముందే ఒత్తిడిని పట్టే సెన్సర్ ఇన్‌సోల్ (బూటు లోపల వేసుకునే మెత్త) గురించి ఇక్కడ అడిగింది నేనే. అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తూ తయారుచేశాను. కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టేశాం, హైదరాబాద్ కంపెనీ ఒకటి దీన్ని తమకిమ్మని అడుగుతోంది, ముందే బయటపెట్టేశాక ఇక పేటెంట్ వస్తుందా అని నా టెన్షన్. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు పేటెంట్ ఏజెంట్‌కు పోస్టర్ చూపించు" అని ఇక్కడ ఒక అన్న చెప్పిన మాటే పనికొచ్చింది. ఏజెంట్ పోస్టర్ ఫొటోను ఫోన్‌లో పెద్దది చేసి చూసి, "ఇందులో రిజల్ట్స్ గ్రాఫే ఉంది, సెన్సర్లు ఎక్కడ, ఎలా కలిపారో లేదు కదమ్మా" అన్నారు. అంటే పేటెంట్‌కు కావాల్సిన కొత్తదనం పోలేదు. పేటెంట్ చట్టం సెక్షన్ 31 మినహాయింపు (కొన్ని రకాల ముందస్తు ప్రదర్శనలను లెక్కలోకి తీసుకోని వెసులుబాటు) దాకా వెళ్లాల్సిన పనే పడలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. పుండు రాకుండా కాపాడే పద్ధతి మీద నేను రాసిన క్లెయిములన్నీ (దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు) ఏజెంట్ కొట్టేశారు. సెక్షన్ 3(ఐ) ప్రకారం చికిత్స, నివారణ పద్ధతులకు మన దేశంలో పేటెంట్ లేదు, పరికరానికి ఉంటుంది.

మా యూనివర్సిటీ పాలసీ ప్రకారం హక్కుదారు యూనివర్సిటీ, నేనూ మా గైడ్ సారూ ఇన్వెంటర్లం. విద్యాసంస్థ కాబట్టి ఆన్‌లైన్ ఫైలింగ్ ఫీజు 8,000 రూపాయల బదులు 1,600. ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేశాం, 12 నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరాల పత్రం) ఇవ్వాలి.

సొంతంగా స్టార్టప్ పెట్టాలా అని ఇక్కడ జరిగిన చర్చంతా మా విషయంలో అక్కర్లేకపోయింది. కంపెనీ లైసెన్స్ తీసుకుంటోంది. మెడికల్ డివైజ్ రూల్స్ 2017 కింద తయారీ అనుమతి వాళ్ల బాధ్యతే అని డ్రాఫ్ట్‌లో రాయించాం. రాయల్టీ శాతం మీద ఇంకా బేరం నడుస్తోంది.