ఏటుఐ పెడితే బస్తా బరువు మైనస్‌లో చూపిస్తోంది

గుణుపురం కాటా, రాత్రి 11:40
సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇంకా లేవలేదు. అమ్మ రెండుసార్లు అన్నం వేడి చేసింది. మా మావయ్య పత్తి కొంటాడు. రైతులకి దూరం నుంచి కూడా కనబడేలాగ కాటాకి పెద్ద అంకెల డిస్‌ప్లే ఒకటి చేసిస్తానని నోరు జారాను. రేపు ఏడింటికల్లా బళ్ళు వచ్చేస్తాయి.

కాటా పంపే అంకెలు డిస్‌ప్లేని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డుకి బాగానే అందుతున్నాయి, మానిటర్‌లో నా కళ్ళతో చూస్తున్నాను. వాటిని ఏటుఐకి (atoi, అంకెల అక్షరాలని సంఖ్యగా మార్చే సి భాష ఫంక్షన్) ఇస్తే చిన్న బరువులు కరెక్టుగా వస్తున్నాయి. బస్తా పెట్టేసరికి మైనస్. 45250 గ్రాములకి -20286 అంటోంది. అదే లైను లాప్‌టాప్‌లో కంపైల్ చేస్తే 45250 చక్కగా వస్తోంది. అంటే బోర్డుకిచ్చిన ఏటుఐలో బగ్ ఉన్నట్టే కదా? చెప్పండి బాబూ, బుర్ర పని చెయ్యట్లేదు.

బల్లార్షా, 11:44
బోర్డు ఏది?

బరంపురం రేడియో, 11:49
అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. కాటా వైరు తిన్నగా బోర్డు పిన్నుకి కలిపావా? కాటాలు సాధారణంగా ఆర్ఎస్ 232 అనే సీరియల్ పద్ధతి మీద పంపిస్తాయి. అందులో ఒకటి అంటే మైనస్ వోల్టేజి, సున్నా అంటే ప్లస్. మైనస్ మూడు నుంచి మైనస్ పదిహేను దాకా ఉండొచ్చు. ఐదు వోల్టుల పిన్నుకి అది తగిలితే పిన్ను గతి ఏమవుతుందో ఆలోచించు. మధ్యలో ఆ వోల్టేజిని మార్చే మాక్స్ 232 చిప్పు ఉండాలి. ఈ కాలం పిల్లలు సాఫ్ట్‌వేర్ దగ్గరే మొదలెడతారు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోరు.

గుణుపురం కాటా, 11:53
ఆ చిప్పు ఉన్న చిన్న మాడ్యూల్ పెట్టానండి. అది వేరే చెప్పాలా అని రాయలేదు. అయినా అంకెలు అందుతున్నాయని పైనే రాశాను కదా!

బల్లార్షా, 11:54
బోర్డు ఏది?

గుణుపురం కాటా, 11:55
మామూలు బోర్డే. ఆర్డుయినో ఊనో.

బల్లార్షా, 11:56
దాంట్లో ఇంట్ (పూర్ణాంకం దాచే చోటు) 16 బిట్లు. 32767 దాటితే అయిపోయింది. 45250 లోంచి 65536 తీసెయ్, -20286. లాప్‌టాప్‌లో ఇంట్ 32 బిట్లు. ఏటుఎల్ (atol) వాడు, అది 32 బిట్ల లాంగ్ ఇస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు, రాత్రి 12:08
బల్లార్షా వారు చెప్పినది సరే. అయితే కారణం తెలియకుండా మందు మింగడం మంచిది కాదు. ఏటుఐ లోపల జరిగేది మన చిన్నప్పటి స్థానవిలువల లెక్కే. ఉన్నదాన్ని పదితో హెచ్చించు, వచ్చిన అంకెని కలుపు. 4, తరువాత 45, తరువాత 452, తరువాత 4525. ఇంతవరకూ క్షేమం. చివరి సున్నా దగ్గర 4525ని పదితో హెచ్చించగానే గిన్నె పొంగింది. పొంగితే ఏటుఐ నీకు చెప్పదు. ఆ పరిస్థితిలో ఏం చేయాలో సి భాష ప్రమాణం కూడా చెప్పలేదు, నీ బోర్డులో పై బిట్లు రాలిపోయాయి, అంతే.

ఇంకొక సంగతి. అక్షరసరణిలో వచ్చే '0' సున్నా కాదు, దాని విలువ 48. '9' విలువ 57. కనుక ప్రతి అక్షరం నుంచి 48 తీసివేస్తేనే అంకె. సరణి చివర ఉండే శూన్యాక్షరం మాత్రం నిజంగా సున్నా.

సిరోంచ పంపు, 12:13
సార్, అక్షరసరణి అంటే ఏంది? స్ట్రింగేనా?

పర్లాకిమిడి మాస్టారు, 12:15
అవును. స్ట్రింగునే అక్షరసరణి అంటున్నాను.

బరంపురం రేడియో, 12:19
మాస్టారూ, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి ఈ సరణులేమిటండీ! జనం నోట్లో ఉన్న మాట రాయండని ఆయన అంత పోరాడితేనూ. జనం నోట్లో ఉన్నది స్ట్రింగే.

పర్లాకిమిడి మాస్టారు, 12:24
గిడుగు వారు తెలుగు రాయొద్దనలేదు. వారు సవర భాష నేర్చుకుని ఆ భాషలో వాచకాలు రాశారు, సవర పిల్లలకి ఇంగ్లీషు మాటలు అంటగట్టలేదు. మా మనవలు బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఇక్కడ కూడా రాయకపోతే తెలుగు ఎక్కడ రాయాలి?

గుణుపురం కాటా, 12:26
ఏటుఎల్ పెట్టాను. ఇంకా మైనసే. అదే -20286. అదే!!

బల్లార్షా, 12:27
ఆ లైను పెట్టు.

గుణుపురం కాటా, 12:31
లాప్‌టాప్‌లో నెట్ లేదు, ఫోన్‌లోంచి తెలుగులోనే కొడుతున్నాను.
ఇంట్ బరువు = ఏటుఎల్(బఫ్);
(బఫ్ అంటే కాటా అంకెలు దాచుకునే చోటు.)

బల్లార్షా, 12:32
ఎడంపక్క ఇంకా ఇంటే ఉంది కదా. బిందెడు తెచ్చి చెంబులో పోస్తే? లాంగ్ చెయ్.

సిరోంచ పంపు, 12:40
తమ్మీ, ఏటుఎల్‌ను నమ్మకు, నా కథ ఇను. మా దగ్గర పొలం మోటరు మెసేజ్‌తోని నడుస్తది, నేనే జేసిన. 14 అని పంపితే 14 నిమిషాలు నడ్వాలె. మా బాపు ఫోన్ల మరాఠీ కీబోర్డు ఉంటది. ఆయన మరాఠీ అంకెలల్ల 14 కొట్టిండు. మెసేజ్ అందుకునే జీఎస్ఎం మాడ్యూల్ గది నాకెట్ల ఇచ్చింది? 0967096ఏ అని. మరాఠీ ఒకటికి యూనికోడ్ 0967, నాలుగుకు 096ఏ. ఏటుఎల్ మంచిగ 'ఏ' కాడ దాంక చదివి ఆగి, 967096 అన్నది. అన్ని నిమిషాలంటే ఏడాది పది నెలలు! మోటరు తెల్లారిందాక నడిచింది, నారుమడి కుంట అయింది. ఏటుఎల్ ఒక్క మాట అనలే. అక్షరాలే వచ్చినా సున్నా అంటది, నిజంగ సున్నా వచ్చినా సున్నా అంటది. ఎస్టీఆర్‌టుఎల్ (strtol) వాడు, అది గూడ గదే పని జేస్తది. యాడ ఆగిందో పాయింటర్ ఇస్తది, అది చివరి సున్నా కాడ లేకుంటే పారెయ్.

బరంపురం రేడియో, 12:44
చివరి సున్నానా, శూన్యాక్షరమా? తేల్చుకోండి, మాస్టారు చూస్తున్నారు.

పర్లాకిమిడి మాస్టారు, 12:47
ఎగతాళి చేయండి, ఫర్వాలేదు. కానీ మీరే చూడండి, ఈ చర్చలో "సున్నా" అన్న మాట మూడు అర్థాల్లో వచ్చింది. 48 విలువగల అక్షరం ఒకటి, సరణిని ముగించే అక్షరం ఒకటి, తప్పు జరిగితే ఏటుఐ ఇచ్చే ఫలితం ఒకటి. పేర్లు వేరుగా లేకపోతే ఆ అబ్బాయి ఏ సున్నా కోసం వెతుక్కోవాలి?

సిరోంచ పంపు, 12:49
గది మాత్రం నిజమే సార్.

గుణుపురం కాటా, 12:58
లాంగ్ చేశాను. ఎస్టీఆర్‌టుఎల్ కూడా పెట్టాను. మైనస్ పోయింది. ఇప్పుడు అదే బస్తాకి 19112 వస్తోంది!!! ఇంకో బస్తా 18950 గ్రాములది పెడితే 1 అంటోంది. ఒకటి! ఇందాకటి మైనసే నయం.

బల్లార్షా, 12:59
మూడో ఆర్గ్యుమెంట్ ఎంత ఇచ్చావు?

గుణుపురం కాటా, 1:01
0. ఏదో ఒకటి ఇవ్వకపోతే కంపైల్ అవ్వలేదు, సున్నా అయితే ఇబ్బంది ఉండదని ఇచ్చాను.

బల్లార్షా, 1:02
కాటా ఉన్నది ఉన్నట్టు ఏం పంపుతోంది? 45250 నా, 045250 నా?

గుణుపురం కాటా, 1:04
045250. ముందు సున్నాకి విలువ లేదు కదా, అందుకే రాయలేదు.

పర్లాకిమిడి మాస్టారు, 1:10
నాలుగో సున్నా దొరికింది!

ఎస్టీఆర్‌టుఎల్‌కి ఇచ్చే ఆ మూడోది ఆధారసంఖ్య, అంటే బేస్. అది సున్నా ఇస్తే "నువ్వే చూసి తేల్చుకో" అని అర్థం నాయనా. ముందు సున్నా కనబడితే అది అష్టమాన సంఖ్య, అంటే పదికి బదులు ఎనిమిది ఆధారంగా రాసినది, అనుకుంటుంది. అష్టమానంలో 45250 అంటే నాలుగు 4096లు, ఐదు 512లు, రెండు 64లు, ఐదు ఎనిమిదులు. కూడి చూడు, 19112 వస్తుంది. 018950లో 1 తరువాత 8 ఉంది. అష్టమానంలో ఎనిమిది అనే అంకే లేదు, అక్కడ ఆగిపోయింది. పది ఇవ్వు. ఎప్పుడూ పదే ఇవ్వు.

బరంపురం రేడియో, 1:15
ఇంకో మాట కూడా అనేస్తాను, తిట్టుకోవద్దు. కొనుగోలు కాటాకి 2009 కొలతల చట్టం కింద ముద్ర ఉండాలి. నువ్వు పక్కన తగిలించే డబ్బాకి ఆ ముద్ర లేదు. రైతు నీ డబ్బాలో 1 చూసి గొడవ పెట్టుకుంటే మీ మావయ్య ఏ అంకె చూపిస్తాడు? కాటా సొంత అంకె కూడా కనబడేలాగే ఉంచమను.

గుణుపురం కాటా, 1:22
పది ఇచ్చాను, వచ్చేసింది! 45250, 18950 రెండూ కరెక్టు. ఎప్పుడో ఒకసారి చివర ఒక పిచ్చి అంకె మెరిసి పోతోంది గానీ, అది లూజు వైరు గావాల. థాంక్సండీ అందరికీ. అన్నం తినేసి పడుకుంటాను.

బల్లార్షా, 1:23
లూజు వైరు కాదు. బఫ్ సైజు ఎంత పెట్టావు?

బల్లార్షా, 1:31
అంకెలు 6 అని 6 పెట్టలేదు కదా? 7 ఉండాలి.

సిరోంచ పంపు, 1:38
పండుకున్నట్టున్నడు అన్నా.

పర్లాకిమిడి మాస్టారు, ఉదయం 5:50
ఆ ఏడోది శూన్యాక్షరం కోసం. నిన్న నేను చెప్పబోయినది అదే.