అత్త పక్కనుంటే గర్భిణిని మనసుల మాట ఎట్ల అడగాలె?

నారాయణపేట, మక్తల్ దిక్కు పనిచేసే ఆశా అక్కలు, ఏఎన్ఎంలు జర చెప్పండి. గర్భంల చిరాకు, ఏడుపు మామూలే. రెండు వారాలు దాటినా నిద్ర లేక, దేని మీదా మనసు పోకుంటే మనసు కుంగుబాటు (డిప్రెషన్) ఉందా అని చూసే ఎడిన్‌బరో పట్టికల 10 ప్రశ్నలు అడుగుతం. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా ఇట్లనే నీరసముంటది, ఆ పరీక్షలు గూడ చేపిస్తం. చిక్కంతా పదో ప్రశ్న కాడనే: తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని. పెనిమిటి ముంబై పనికి పోయుంటడు, పక్కన అత్త. "మా కోడలికేమైంది, మంచిగనే ఉంది" అని ఆమెనే జవాబు చెప్తది. మొత్తం మార్కులు తక్కువొచ్చినా, ఆ ఒక్కదానికి అవునంటే అదే రోజు డాక్టర్‌కు చూపియ్యాలె, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ కలపాలె. అత్తకు కోపం రాకుండ కోడలితోని పది నిమిషాలు ఒంటిగ మాట్లాడేతందుకు మీరేం చేస్తున్నరు?