పూలకొట్టు వెబ్‌సైట్‌లో వర్చువల్ టూర్ పెట్టాలా, వద్దా?

రాజమండ్రి పూలకొట్టు

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రిలో పూలకొట్టు. నాన్నగారు ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్నారు, రెండేళ్ల నుంచి నేనూ కూర్చుంటున్నాను. నాటు పూలు తెల్లవారుజామున కడియపులంక మార్కెట్ నుంచి తెచ్చుకుంటాం. డచ్ గులాబీ, జెర్బెరా లాంటివి హోసూరు, బెంగళూరు వైపు నుంచి వస్తాయి. పోయిన ఏడాది వెబ్‌సైట్ పెట్టాం.

ఇప్పుడు ఒక ఫొటోగ్రాఫర్ వచ్చి, కొట్టంతా 360 డిగ్రీల కెమెరాతో తీసి వర్చువల్ టూర్ చేసిస్తానంటున్నాడు. వెబ్‌సైట్ తెరిచినవాళ్లు వేలితో జరుపుకుంటూ గుమ్మం నుంచి లోపలి కూలింగ్ గది దాకా చూడొచ్చట. 18 వేలు అడిగాడు, ఆపైన ఏడాదికి 4 వేలు.

నాకు పెట్టాలనే ఉంది. నాన్నగారు మాత్రం "పొద్దున ఉన్న పువ్వు సాయంత్రానికి ఉండదు, ఏం చూపిస్తావురా?" అంటున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

గుడిమల్కాపూర్ వ్యాపారి

తమ్ముడూ, హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో నాదీ పూల వ్యాపారమే. మీ నాన్నగారి మాటే నా మాట. ఫర్నిచర్ షాపుకు టూర్ పెడితే అర్థం ఉంది, సోఫా ఆర్నెల్లయినా అక్కడే ఉంటుంది. ఫంక్షన్ హాలుకు పెడితే అర్థం ఉంది, స్తంభాలు ఎక్కడికీ పోవు. పూలకొట్టులో ఏది నిలుస్తుంది? దసరా ముందురోజు బంతి రేటు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. సరుకూ అంతే. కార్తీకంలో తీయించావనుకో, టూర్ నిండా చామంతి గుట్టలే. వైశాఖంలో పెళ్లివాళ్లు అది చూసి వచ్చి అవే కావాలంటారు.

ఇది ఊహించి చెప్పడం లేదు. మా వెబ్‌సైట్‌లో నిండు కనకాంబరం దండల ఫొటో ఉండేది. మార్కెట్‌కు కనకాంబరం సరిగా రాని రోజుల్లో ఒకాయన ఆ ఫొటో చూపించి, అడ్వాన్సు తీసుకుని మోసం చేస్తున్నారని నలుగురిలో అరిచాడు. డబ్బు తిరిగిచ్చి పంపాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫొటో ఒక్కటే అంత పని చేస్తే టూర్ ఇంకెంత చేస్తుంది?

నేను రోజూ ఆరింటికి గంపలు దించగానే ఫోన్‌తో అర నిమిషం వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాను. అది ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే పోతుంది. పువ్వుకు తగిన పద్ధతి అదే. ఆ 18 వేలు పెట్టి కూలింగ్ గది బాగుచేయించుకో.

డల్లాస్ నుంచి

నేను కొనేవాళ్ల వైపు నుంచి చెబుతాను. అమ్మానాన్నలు కాకినాడలో ఉంటారు. నాన్నగారి షష్టిపూర్తికి నేను వెళ్లలేకపోయాను. కనీసం దండలైనా నేనే పంపాలని ఒక వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టాను. ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. వచ్చినవి మాత్రం వాడిపోయిన లిల్లీ దండలు, మధ్యమధ్యలో ప్లాస్టిక్ ఆకులు. అమ్మ నాకు చెప్పలేదు, ఫంక్షన్ ఫొటోల్లో చూశాను. తర్వాత ఆరా తీస్తే వాళ్లకు అసలు కొట్టే లేదు. ఎక్కడో కూర్చుని ఆర్డర్లు పట్టి, సగం డబ్బు తాము ఉంచుకుని, మిగతా సగానికి ఆ ఊళ్లో ఎవరితోనో కట్టిస్తారట.

అందుకే వ్యాపారి గారూ, ఆ రోజు ఏ పువ్వుందో చూడటానికి నాకు టూర్ అక్కర్లేదు. నిజంగా కొట్టు ఉందా, కూలింగ్ గది ఉందా, పూలు కట్టే చోటు ఉందా, అంతే కావాలి.

గుడిమల్కాపూర్ వ్యాపారి

మీకు జరిగింది విని బాధేసిందమ్మా. కానీ దానికి వీడియో కాల్ ఒక్కటి చాలదా? కొట్టంతా తిప్పి చూపిస్తాం.

డల్లాస్ నుంచి

పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండుకు నేను వెతకడం మొదలుపెడతాను. వేసవిలో అప్పుడు మీకు పొద్దున తొమ్మిదిన్నర. ముహూర్తాల రోజుల్లో ఆ వేళ పూలకొట్టులో ఫోనెత్తే తీరిక ఎవరికుంటుంది? పైగా పది వెబ్‌సైట్లు చూసి ఇద్దరికే ఫోన్ చేస్తాను. ఆ ఇద్దరు ఎవరన్నది ఫోన్ చేయకముందే తేల్చుకుంటాను.

వెబ్‌సైట్లు చేసేవాడిని

360 ఫొటోలు తీయడం కూడా మా పనిలో భాగమే. అయినా ముందు ఒకటి అడుగుతాను, మీ కొట్టు వెడల్పెంత? మామూలుగా వాడే 360 కెమెరాలో వీపుకు వీపు ఆనించినట్టు రెండు లెన్సులుంటాయి. చెరో సగం తీస్తాయి, సాఫ్ట్‌వేర్ రెంటినీ అతుకుతుంది. వస్తువు మరీ దగ్గరగా ఉంటే ఆ అతుకు కుదరదు. ఇరుకు కొట్టులో రెండువైపులా దండలు వేలాడుతుంటే, దండ మధ్యకు తెగి పక్కకు జరిగినట్టు పడుతుంది. పూలకొట్టుకు అంతకంటే అన్యాయం లేదు. ఇంకో సంగతి, ఆ లెన్సులో చిన్న గది కూడా హాలులా కనిపిస్తుంది. నమ్మకం కోసం పెట్టిన టూరే అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకని పక్కనే మామూలు ఫొటోలు కూడా పెట్టండి.

ఏడాదికి 4 వేలు దేనికో గట్టిగా అడగండి. పనెల్లమ్ అనే ఉచిత ప్రోగ్రాంతో మీ వెబ్‌సైట్‌లోనే టూర్ పెట్టుకోవచ్చు. ఫొటోల ఫైళ్లు మాత్రం మీ చేతికి తీసుకోండి. అద్దె సర్వీసులో ఉంచితే చందా ఆపిన రోజు టూర్ కూడా పోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో మీ కొట్టు పేజీకి 360 ఫొటోలు పెట్టడానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. 2022 జులైలో గూగుల్ మ్యాప్స్‌లో వీధులను 360 ఫొటోల్లో చూపించే స్ట్రీట్ వ్యూ మన దేశంలో మళ్లీ మొదలైనప్పుడు మొదటి పది ఊళ్లలో హైదరాబాద్ ఉంది. అయితే అందులో కనిపించేది వీధి. కొట్టు లోపలిది మనమే పెట్టుకోవాలి.

పేజీ తెరవగానే టూర్ దానంతటది మొదలయ్యేలా మాత్రం పెట్టించకండి. ఒక్కో 360 ఫొటో కొన్ని ఎంబీల బరువు. పేజీలో ముఖ్యమైనది 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ లెక్క. ఒక మామూలు ఫొటో పెట్టి, దాని మీద "మా కొట్టు చూడండి" అని బటన్ ఇస్తే సరిపోతుంది. నొక్కినవాళ్లకే టూర్ తెరుచుకుంటుంది.

పూలు కట్టే ఇంటి బిడ్డ

ఇంతసేపటి నుంచి గంపల గురించి, లెన్సుల గురించి మాట్లాడుకున్నారు. కట్టే మనుషుల మాట ఒక్కరూ ఎత్తలేదు. మా అమ్మ ఇరవై రెండేళ్లుగా ఒక కొట్టులో పూలు కడుతోంది. పొద్దున నాలుగింటికి వెళ్తుంది. నేల మీద కూర్చుని, చీర కాస్త పైకి దోపుకుని, చుట్టూ తడి గోనెసంచులు పెట్టుకుని కడుతుంది. ఆ పని అలాగే సాగుతుంది. ఒకసారి కొట్టు వాళ్లు వీడియో తీసి నెట్‌లో పెట్టారు. అమ్మను అడగలేదు. మా బంధువుల గ్రూపులోకి వచ్చింది. అమ్మ రెండు రోజులు పనికి వెళ్లలేదు.

మామూలు కెమెరా అయితే ఎటు తిప్పారో చూసి పక్కకు తప్పుకోవచ్చు. ఈ కెమెరాకు వెనకవైపు అంటూ లేదు, గదిలో ఉన్నవాళ్లందరూ పడతారు. అన్నా, మీరు పెట్టండి, వద్దనను. కానీ ముందు వాళ్లను అడగండి. వద్దన్నవాళ్లు లేని వేళ చూసి తీయించండి. కూలి మీద ఆధారపడినవాళ్లు యజమాని మొహం మీద వద్దనలేరు. అందుకని మీ ఇంట్లో ఆడవాళ్లతో అడిగించండి.

చక్రాల కుర్చీలో వెళ్తాను

నాది చిన్న మాట. ఏ కొట్టుకు వెళ్లాలన్నా గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయన్నదే నాకు మొదటి టెన్షన్. ఫోన్ చేసి అడిగితే "ఏం ఫర్వాలేదు, రండి, మావాళ్లు ఎత్తుతారు" అంటారు. నన్ను ఎవరూ ఎత్తనక్కర్లేకుండా, మా ఆవిడకు మూర మల్లెపూలు నేనే వెళ్లి కొనుక్కోవాలని నా కోరిక. టూర్‌లో వీధి నుంచి గుమ్మం దాకా చూపించండి. మెట్లుంటే ఉన్నాయనే కనబడనివ్వండి.

గుడిమల్కాపూర్ వ్యాపారి

పూలు కట్టే వాళ్ల విషయంలో ఆ బిడ్డ చెప్పింది నిజం. నేను రోజూ తీసే వీడియోలో కూడా మావాళ్లు కనబడతారు, ఇన్నాళ్లూ అడగాలని తట్టలేదు. రేపు అడుగుతాను.

టూర్ మీద మాత్రం నా మాట మారలేదు. డల్లాస్ అమ్మాయి లాంటివాళ్లు తమ్ముడి కొట్టుకు నెలకు ఎందరొస్తారు? వీధి చివరి గుడికి రోజూ మూర పూలు కొనే ముసలమ్మకు ఈ టూర్‌తో పనేముంది? ఆమె గంపలో చెయ్యి పెట్టి, మొగ్గ గట్టిదో మెత్తదో చూసి కొంటుంది. మల్లె సంగతి పువ్వు చూస్తే తెలియదు, మొగ్గ పట్టుకుంటే తెలుస్తుంది.

రాజమండ్రి పూలకొట్టు

అందరి మాటలూ నాన్నగారికి చదివి వినిపించానండి. ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి "అదీ మాట" అన్నారు. డల్లాస్ అక్క రాసింది విన్నాక మాత్రం కాసేపు మాట్లాడలేదు. మా కొట్టు నుంచి అలా సగం డబ్బుకు దండలు కట్టించుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారట. అవతల ఎవరి శుభకార్యమో మాకు కూడా తెలిసేది కాదు.

నాన్నగారి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. టూర్‌లో పువ్వును చూపించను, పువ్వు చుట్టూ నిలిచి ఉండేదాన్ని చూపిస్తాను. వీధి, రెండు మెట్లు, గల్లా పెట్టె, కట్టే బల్లలు, కూలింగ్ గది. ముందు గంపల వరుస అందులో ఉండదు. దానికి వ్యాపారి గారు చెప్పినట్టు రోజూ ఫోన్ వీడియోనే. కొట్టు పది అడుగుల వెడల్పు కాబట్టి దండలన్నీ తీసేశాక నాలుగే నాలుగు చోట్ల కెమెరా పెడతాం. ఫొటోగ్రాఫర్‌తో మళ్లీ మాట్లాడాను. ఏడాది చందా లేకుండా, ఫైళ్లు మాకే ఇచ్చేలా 9 వేలకు ఒప్పుకున్నాడు. మూఢంలో పెళ్లి పనులుండవు కాబట్టి అప్పుడు తీస్తాం. మెట్ల పక్కన వాలు బల్ల వేయించడానికి వడ్రంగిని పిలిచాను. అది అమరాకే వీధి వైపు ఫొటో.

పూలు కట్టేవాళ్లను అమ్మ అడిగింది. ఇద్దరు వద్దన్నారు, వాళ్లు లేని పూట తీస్తాం. పెద్దమ్మ ఒకావిడ మొహం వద్దు, చేతులు పడితే ఫర్వాలేదంది. 360లో చేతులొక్కటే పడేలా తీయడం కుదరదని చెప్పాను. అయితే దానికి విడిగా మామూలు ఫొటో తీయమంది. ఆ వేళ తన చేతిలో లిల్లీ వద్దని, కనకాంబరమే ఉండాలని కూడా చెప్పింది.