యూటాలో ఎల్‌డీఎస్ పొరుగువాళ్ళని భోజనానికి పిలవాలి: ఏ రోజు, ఏం పెట్టాలి?

లీహై_కొత్తకాపు:
లీహైలో కొత్తగా ఇల్లు తీసుకున్నాం. గృహప్రవేశం, వ్రతం అయ్యాక చుట్టుపక్కల నాలుగు కుటుంబాలను భోజనానికి పిలుద్దామని ఉంది. పిల్లలతో కలిపి ఇరవై మంది దాకా తేలతారు, అందరూ ఎల్‌డీఎస్ చర్చివాళ్ళే (మోర్మన్లు అంటారే, వాళ్ళు). అక్టోబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం అయితే మాకు వీలు. మేం శాకాహారులం. కాఫీ, టీ ఇవ్వకూడదని విన్నాం. మరి బదులుగా ఏం ఇవ్వాలి? కోక్ పెట్టొచ్చా? తినేముందు వాళ్ళు ప్రార్థన చేసుకుంటే మనం ఏం చేయాలి? వ్రతం ప్రసాదం ఇస్తే ఇబ్బంది పడతారా?

పప్పుచారు_ప్రోవో:
వంట సంగతి తర్వాత, ముందు తేదీ మార్చండి. మామూలుగా నెలలో మొదటి ఆదివారం వాళ్ళకి ఉపవాసం. మన ఏకాదశిలా పళ్ళూ పాలూ కుదరవు, మంచినీళ్ళు కూడా ముట్టరు. శనివారం రాత్రి భోజనం తర్వాత మొదలుపెడితే మళ్ళీ ఆదివారం సాయంత్రమే తినడం. మానేసిన పూటల తిండికి అయ్యే డబ్బు, వీలైనవాళ్ళు అంతకన్నా ఎక్కువే, ఫాస్ట్ ఆఫరింగ్ కింద ఇస్తారు. ఆ వార్డులో (అంటే ఆ చుట్టుపక్కల చర్చి సభ్యుల సమాజంలో) కష్టాల్లో ఉన్నవాళ్ళ అద్దెకీ సరుకులకీ, వార్డును నడిపే బిషప్ దాన్ని వాడతాడు. ఆదాయంలో 10 శాతం ఇచ్చే టైథింగ్ వేరు, ఇది వేరు. చిన్నపిల్లలు, గర్భిణులు, ఆరోగ్యం బాగాలేనివాళ్ళు ఉపవాసం ఉండనక్కర్లేదు.

సోమవారం రాత్రి కూడా వద్దు. అది ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే ఫ్యామిలీ హోమ్ ఈవెనింగ్, 1970లో దాన్ని సోమవారానికి కేటాయించారు. శుక్రవారం గానీ శనివారం గానీ సాయంత్రం ఆరింటికి పిలవండి. ఆరు అంటే ఆరుకే గుమ్మంలో ఉంటారు. మన అలవాటు ప్రకారం ఎనిమిదిన్నరకి విస్తళ్ళు వేస్తే సగం మంది పిల్లలు సోఫాలో నిద్రపోతారు.

సాల్ట్‌లేక్_శాస్త్రి:
పైన చెప్పిన దానికి అక్టోబరు ఒక మినహాయింపు. ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల మొదటి శని, ఆదివారాల్లో జనరల్ కాన్ఫరెన్స్ (చర్చి మొత్తానికీ జరిగే సభలు) ఉంటుంది. ఆదివారం ఉదయం పదింటికి ఒక సెషన్, మధ్యాహ్నం రెండింటికి ఇంకోటి. చాలామంది ఇంట్లోనే టీవీలో చూస్తారు. కాబట్టి మీరనుకున్న ఆదివారం ఉపవాసం ఉండకపోవచ్చు గానీ తీరిక మాత్రం ఉండదు. ఉపవాసాన్ని మరో ఆదివారానికి, ఎక్కువగా ముందు వారానికి, జరుపుతారు. వార్డును బట్టి మారొచ్చు కాబట్టి పొరుగువాళ్ళనే అడగడం మేలు. ఇంకో మాట: ఆదివారం హోటల్లో విందు అనుకోకండి. ఆ రోజు కొనుగోళ్ళకీ హోటళ్ళకీ దూరంగా ఉండేవాళ్ళే ఎక్కువ.

ఇక పానీయాలు. 1833లో ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రకటించిన వర్డ్ ఆఫ్ విజ్డమ్ అనే ఆహార నియమాల ప్రకారం మద్యం, పొగాకు, 'వేడి పానీయాలు' నిషిద్ధం. వేడి పానీయాలంటే చర్చి లెక్కలో కాఫీ, టీ అంతే. ఇక్కడే మనవాళ్ళు రెండు వైపులా పొరబడతారు. వేడిగా ఉన్నదల్లా వద్దనుకుని బాదంపాలు దాచేస్తారు, చల్లగా ఉంది కదా అని ఐస్డ్ టీ తెచ్చిపెడతారు. హాట్ చాక్లెట్ తాగుతారు, ఐస్డ్ కాఫీ తాగరు. గ్రీన్ టీ కూడా టీయే అని 2019లో చర్చి పత్రికలో స్పష్టంగా రాశారు. గొడవ కెఫీన్‌తో కాదు కాబట్టి కోక్ పెట్టొచ్చు, చర్చివాళ్ళ విశ్వవిద్యాలయం బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) క్యాంపస్‌లోనే 2017 నుంచి కెఫీన్ ఉన్న కోలాలు అమ్ముతున్నారు. అయినా కొందరు సొంత నియమంగా తాగరు, పక్కన లెమనేడ్ ఉంచండి. ఈ నియమం అమెరికా వాళ్ళకే అనుకోకండి. 2012లో మన దేశంలో మొదటి స్టేక్ (కొన్ని వార్డులు కలిసిన విభాగం) హైదరాబాదులో ఏర్పడింది, అక్కడి సభ్యులకీ ఇరానీ చాయ్ లేదు.

ఇరవై మందికి బాదంపాలు చిన్న గ్లాసుల్లో ఇవ్వాలంటే ఒక గ్యాలన్ పాలు, వంద బాదం గింజలు (ఆరు గంటలు నానబెట్టి పొట్టు తీసి రుబ్బాలి), ముప్పావు కప్పు పంచదార, కొంచెం కుంకుమపువ్వు, యాలకుల పొడి. చక్కెర తక్కువైందనిపిస్తే చివర్లో కలపండి. మసాలా పాలు చేస్తే ప్యాకెట్ మీద పదార్థాలు చదవాలి: ఉత్తి సుగంధ ద్రవ్యాల 'చాయ్ మసాలా' ఫరవాలేదు, 'చాయ్ లాటే' పొడిలో టీ ఉంటుంది. 'తులసి' అని పెద్దక్షరాలతో రాసిన డబ్బాల్లో కూడా కొన్నిట్లో గ్రీన్ టీ కలుస్తుంది. స్వీట్లలో టిరమిసు వద్దు, దాన్లో కాఫీ. తాంబూలం ఇస్తే జర్దా ఊసే వద్దు.

పప్పుచారు_ప్రోవో:
ప్రార్థన సంగతి. చేతులు కట్టుకుని తలవంచి, ఒకరు పైకి చెప్తారు, చివర అందరూ ఆమెన్ అంటారు. నిమిషం కూడా పట్టదు. ఇల్లు మీది కాబట్టి మీరు అనకపోతే మనసులోనే చేసుకుంటారు. "మీ పద్ధతిలో ప్రార్థన చేసుకోండి" అని ఒక మాట అంటే సంతోషిస్తారు. ఆ తర్వాతే పూరీలు వేయించడం మొదలుపెట్టండి, లేకపోతే చల్లారిపోతాయి. వాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు మీరు ఊరికే నిలబడితే చాలు.

ప్రసాదం చేతిలో పెట్టకండి. నైవేద్యం పెట్టిందని చెప్పి విడిగా ఒక పళ్ళెంలో ఉంచండి, పక్కనే నైవేద్యం పెట్టని బొబ్బట్లో మైసూర్‌పాకో ఉంటే ఎవరిష్టం వాళ్ళది. మాంసం లేదని మొహమాటపడొద్దు. అదే వర్డ్ ఆఫ్ విజ్డమ్ మాంసం మితంగా తినమంటుంది (ఎందరు పాటిస్తారన్నది వేరే కథ). పులిహోర, గుత్తివంకాయ చేసుకోండి. కారం మాత్రం సగానికి తగ్గించి ఆవకాయ వేరే గిన్నెలో పెట్టండి.

లీహై_కొత్తకాపు:
చాలా థాంక్సండీ. తేదీ తర్వాతి శనివారానికి మార్చాం. ఒకావిడ అప్పుడే "నేను ఫ్యూనరల్ పొటాటోస్, జెల్లో తెస్తాను" అన్నారు. బంగాళాదుంపలే కదా, మాకు పనికొస్తుందా?

సాల్ట్‌లేక్_శాస్త్రి:
పేరు చూసి బెంగపడకండి, చావు ఇళ్ళకి పంపే వంటకం కాబట్టి ఆ పేరు. పండగలకీ చేస్తారు. తురిమిన బంగాళాదుంపలు, సార్ క్రీమ్, చెడ్డర్ చీజ్, పైన వెన్నలో కలిపిన కార్న్‌ఫ్లేక్స్. చిక్కంతా వీటిని కలిపే డబ్బా సూప్‌తోనే, మామూలుగా అది 'క్రీమ్ ఆఫ్ చికెన్'. కంటికి కోడిముక్క కనపడదు, అడక్కపోతే తెలీదు. బదులుగా 'క్రీమ్ ఆఫ్ మష్రూమ్' వాడమని ముందే చెప్పండి, కొలత అదే, రుచీ పెద్దగా మారదు. చీజ్‌లో రెన్నెట్ (పాలు విరగడానికి వాడేది, దూడ పొట్టలోంచి తీస్తారు) పట్టింపు ఉంటే 'వెజిటేరియన్ రెన్నెట్' అని రాసిన చీజ్ మీరే కొనివ్వండి.

జెల్లో మాత్రం కుదరదు. అది జెలటిన్, పంది తోలు నుంచో పశువుల తోలు, ఎముకల నుంచో తీస్తారు. యూటాకి 2001 నుంచి రాష్ట్ర చిరుతిండి అదే, కాబట్టి ప్రతి విందులోనూ ఎదురవుతుంది. మార్ష్‌మెల్లోల్లోనూ జెలటిన్ ఉంటుంది. ఆవిడ తెస్తే మొహం మీద వద్దనకుండా వేరే బల్ల మీద, వేరే గరిటెతో పెట్టించండి. వాళ్ళ పిల్లలు ఎలాగూ ముందు దాన్నే ఖాళీ చేస్తారు.