“ఆత్మసంబంధ శరీరం” అంటే మాంసం లేనిదా?

ప్రశ్న: బ్రదర్స్, 1 కొరింథీ 15:44లో “ఆత్మసంబంధ శరీరము” అని ఉంది. 50వ వచనమేమో రక్తమాంసాలు దేవుని రాజ్యాన్ని స్వతంత్రించుకోలేవంటుంది. మరి లూకా 24లో లేచిన ప్రభువు కాల్చిన చేప ముక్క ఎలా తిన్నారు?

జవాబు 1: చిక్కంతా “ఆత్మసంబంధ” అన్న మాటతోనే. గ్రీకులో అది ప్న్యూమాతికోన్. చివరనున్న ‘ఇకోస్’ ప్రత్యయం సాధారణంగా దేనితో చేశారో చెప్పదు, దేని ఏలుబడిలో ఉందో చెబుతుంది. ఇదే పత్రిక 2:15లో “ఆత్మసంబంధియైనవాడు” అన్నా అదే మాట. అక్కడున్నది ఒంట్లో నెత్తురున్న మనిషే కదా!

జవాబు 2: 50ని సగంలో ఆపేస్తేనే తంటా. మిగతా సగం క్షయత (నశించే గుణం) గురించి. అంటే రక్తమాంసాలన్నది చావుకు లోబడ్డ స్థితి. 53, 54 గ్రీకులో “ఈ” అనే మాట నాలుగుసార్లు వస్తుంది: ఈ క్షయమైనదే అక్షయతను తొడుక్కుంటుంది. పాతది పారేసి వేరేది ఇవ్వడం కాదు.

జవాబు 3: అందరూ ఒప్పుకోలేదు లెండి. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిజెన్ శరీర రూపం నిలుస్తుంది, పదార్థం మారుతుందన్నాడు. మెథోడియస్ అనే మరో క్రైస్తవ రచయిత దాన్ని ఖండించాడు.